భూమికి కలిపిన తీగ

పోయిన నెల మా తమ్ముని మనవడు నంద్యాలలో తన పాత కారుకు స్టీరియో పెట్టించుకున్నాడు. పని అయ్యేదాకా నేను దుకాణం ముందు స్టూలు మీద కూర్చున్నాను. బిగించే మనిషి కారులోకి తలకిందులుగా దూరి, కాళ్ళు రెండూ బయటికి పెట్టి పని చేస్తున్నాడు. తీగ కొసను పళ్ళతో కొరికి తొడుగు లాగేశాడు. కాసేపటికి లోపలి నుంచే దుకాణం ఓనరును అడిగాడు.

"అన్నా, దీనికి ఎర్తు యాడ పట్టియ్యాల? ఈడంతా ప్లాస్టిక్కే ఉండాది."

ఎర్తు. ఆ మాట వినగానే నా చేతిలోని సోడా సీసా అట్లాగే ఉండిపోయింది. "ఏమవ్వా, ఎండ తగిలిందా?" అని మా వాడు అడిగాడు. ఏమీ లేదన్నాను. నాకు ఒక మనిషి నోరు గుర్తుకొచ్చింది. ఆ నోటి నిండా బోల్టులు.

ఆయన పేరు చెప్పను. చెప్పినా ఎరిగినవాళ్ళు ఇప్పుడు లేరు. అందరూ మేస్త్రీ అనేవాళ్ళు, నేనూ అంతే. తాతల కాలంలో కమ్మరి కొలిమి పని. ఆయన వంతుకు వచ్చేసరికి కొలిమి పోయి కార్ల పని వచ్చింది. నంద్యాలలో స్టేషను దారిలో రేకుల కొట్టం ఒకటి ఉండేది. మా మామ కారు మొరాయించినప్పుడల్లా కబురు పెడితే బస్సులో ఆళ్లగడ్డకు వచ్చేవాడు. నేను అప్పటికి మొగుడు పోయి మేనమామ ఇంట్లో ఉంటున్నాను. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. మేస్త్రీ వస్తే అన్నం పెట్టడం, చేతులు కడుక్కోవడానికి సీకాయ పొడి, నీళ్ళు ఇవ్వడం నా పని.

విప్పిన బోల్టులన్నీ ఆయన బుగ్గలో వేసుకునేవాడు. కింద పెడితే మన్ను పడుతుందని, జేబులో వేస్తే కలిసిపోతాయని అనేవాడు. ఎడమ బుగ్గలో చిన్నవి, కుడి బుగ్గలో పెద్దవి. అందుకే పని జరిగినంతసేపు ఆయన మాటలు సగం సగం వినపడేవి. ఏదైనా నిజంగా చెప్పాల్సిన మాట ఉంటే బోల్టులను ఒక్కొక్కటిగా అరచేతిలోకి తీసుకునేవాడు. అది చూసి మేమంతా చెవులు ఒగ్గేవాళ్ళం.

స్క్రూడ్రైవరు కొసను ఇంజను మీద ఆనించి, కొయ్య పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుని వినేవాడు. బండి చెడిపోయింది అని ఏనాడూ అనలేదు. "అలిగింది" అనేవాడు. మా మామకు అది నచ్చేది కాదు. "అలిగిందో, చచ్చిందో చెప్పప్పా" అనేవాడు. ఇంకొక మాట కూడా ఎప్పుడూ ఆయన నోట్లో ఉండేది. వేరేవాళ్ళు సగం విప్పి వదిలేసిన బండిని తెస్తే ముట్టుకునేవాడు కాదు. "ఊడదీసినోడే బిగియ్యాల" అనేవాడు.

ఆయనకు ఒక్కడే కొడుకు, ఓబులేసు. అహోబిలం కింద ఉన్న ఊళ్ళు మావి. అక్కడి నరసింహస్వామే మా నోట ఓబులేసు, ఆ పేరు పెట్టుకోని ఇల్లుండదు. వీధిలో నిలబడి ఓబులేసూ అని కేకేస్తే నలుగురు తిరిగి చూస్తారు. ఈ ఓబులేసుకు డ్రైవరు పని, ఇంజను పని తండ్రే నేర్పాడు. యుద్ధంలో డ్రైవర్లు కావాలని మనుషులు వచ్చినప్పుడు తండ్రే వెంటబెట్టుకుని పోయి చేర్పించాడు. పిల్లోడు నాలుగు రకాల బండ్లు చూస్తాడు, పని బాగా వస్తుంది అనుకున్నాడు. సముద్రం అవతలి నుంచి ఒక కార్డు వచ్చింది. ఆ తర్వాత సర్కారు నుంచి ఒక కాగితం వచ్చింది. కనిపించుట లేదు అని అందులో ఉందట. చనిపోయెను అని లేదు, పట్టుబడెను అని లేదు. ఆ రోజు నుంచి ఆయన భార్య ఆయనతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. ఇది ఆయన నాతో చెప్పిన మాట కాదు. బస్సు కండక్టరు మా మామతో చెబుతుంటే విన్నాను.

ఆ రోజుల్లో పెట్రోలు కొలిచి ఇచ్చేవాళ్ళు. బస్సులు వెనక బొగ్గు పొయ్యి కట్టుకుని పొగ చిమ్ముతూ తిరిగేవి. మా మామ కారు నెలలో ఇరవై దినాలు కొట్టంలోనే ఉండేది. తిరగని కారుకు ఆయన రేడియో కొన్నాడు. కర్నూలులో ఒక దొర కారు బోల్తాపడి ముక్కలైతే, అందులోని రేడియోను వేలంలో పాడి తెచ్చాడు. ఇంట్లో పెట్టుకునే రకం కాదు, కారు బ్యాటరీ మీద పలికేది. ఊళ్ళో ఎవరికీ రేడియో లేదు. నంద్యాలలో ఒక సేటు ఇంట్లో ఉందని చెప్పుకునేవాళ్ళు.

మేస్త్రీకి కబురు పోయింది. మామూలుగా రెండో రోజు వచ్చే మనిషి ఆ రోజు సాయంత్రానికే వచ్చాడు. అన్నం తింటూ నన్ను అడిగాడు. "పాపా, రేడియోలో యుద్ధంలో చిక్కినోళ్ళ పేర్లు చదువుతారంట. నిజమేనా?" నాకేం తెలుసు. చదువుతారంట అన్నాను. ఆయన కలిపిన ముద్దను తినకుండానే చేయి కడుక్కుని కారు దగ్గరికి పోయాడు.

రేడియోతో పాటు ఇంగ్లీషు కాగితం ఒకటి వచ్చింది. బడి అయ్యవారు దాన్ని మా అరుగు మీద కూర్చుని తెలుగులో రాసిచ్చాడు. పైకి చదువుతూ రాయడం ఆయనకు అలవాటు. నేను గడప లోపల బియ్యం ఏరుతున్నాను. ఇంగ్లీషు మాట ఒకటి అనడం, దాని తెలుగు అనడం, రాయడం. చాలా మంచి తెలుగు ఆయనది. ఇంగ్లీషు మాట ఒక్కటి దొర్లనిచ్చేవాడు కాదు. రాయడం అయ్యాక మేస్త్రీని కూర్చోబెట్టి మూడుసార్లు చదివి వినిపించాడు. మేస్త్రీకి అక్షరం రాదు. ఒక్కసారి విన్నది మరిచిపోడు. మరుసటి రోజు అయ్యవారు సెలవులకు తన ఊరు పోయాడు.

కాగితంలో ఉన్న ముఖ్యమైన సంగతి ఇదీ. ఒక తీగను బ్యాటరీకి తగిలించవలెను. రెండవ తీగను భూమికి కలుపవలెను. పిమ్మట కొంత తడవు వేచియుండవలెను.

మేస్త్రీ బ్యాటరీ తీగ తగిలించాడు. రెండో తీగను కారు కింది నుంచి బయటికి లాగి, మూరెడు ఇనుప గూటాన్ని భూమిలో దిగగొట్టి దానికి చుట్టాడు. నంద్యాల సేటు ఇంటి గోడ వారన కూడా తీగ ఒకటి మట్టిలోకి దిగి ఉండటం, రోజూ దానికి నీళ్ళు పోయడం ఆయన చూశాడు. కాబట్టి అనుమానం రాలేదు. గూటం దగ్గర రోజూ చెంబెడు నీళ్ళు పోసే పని నాకు పెట్టారు.

రేడియో పలకలేదు.

కొంత తడవు వేచి ఉండమని కాగితంలో ఉంది కదా అని వేచి ఉన్నారు. "కొంత తడవంటే ఎంతప్పా?" అని మా మామ అడిగితే, "అలిగింది రెడ్డీ, పలుకుతాది" అన్నాడు మేస్త్రీ. మరుసటి రోజు గూటాన్ని ఇంకా లోతుకు దిగగొట్టాడు. ఆ మరుసటి రోజు గుంత తీసి ఉప్పు, బొగ్గు వేశాడు. నంద్యాలకు తిరిగి పోలేదు. మా పశువుల కొట్టం పంచలో పడుకుని, పొద్దున లేవగానే వచ్చి మీట తిప్పేవాడు. స్క్రూడ్రైవరు పిడి చెవికి పెట్టుకుని రేడియో డబ్బా మీద ఆనించి వినేవాడు. ఊళ్ళో వాళ్ళకు నవ్వులాట అయింది. గూటానికి కట్టేసిన కారును చూసి, "రెడ్డీ, దీనికి గడ్డి ఎప్పుడేస్తాండారు?" అని అడిగిపోయేవాళ్ళు. "ఈనినాక జున్నుపాలు మాగ్గూడా పంపియ్యి" అన్నాడు ఒకాయన. మేస్త్రీ కూడా నవ్వేవాడు. నవ్వినప్పుడు బోల్టులు కదిలిన చప్పుడయ్యేది.

పద్దెనిమిది రోజులు నేను నీళ్ళు పోశాను.

పద్దెనిమిదో రోజు అయ్యవారు ఊరి నుంచి వచ్చి నేరుగా మా ఇంటికే వచ్చాడు, రేడియో విందామని. గూటాన్ని చూసి ఆగిపోయాడు.

"ఇదేంది మేస్త్రీ, కారును కట్టేసినావు?"

"మీరు రాసిచ్చిందే గదా సామీ. భూమికి కలపమని."

"అవును. ఎర్త్ అంటే భూమే గదా. నేను తప్పేమీ రాయలేదే."

మేస్త్రీ చేతులు ఆగాయి. బోల్టులు ఒక్కొక్కటిగా అరచేతిలోకి వచ్చాయి. చిన్నవి, తర్వాత పెద్దవి.

"ఏమన్నారు సామీ?"

"ఎర్త్. ఇంగ్లీషులో ఎర్త్ అని ఉంది. దానికి తెలుగు భూమి."

"ఎర్తా సామీ." ఆయన గూటం వైపు చూశాడు. "ఎర్తు అనే రాసుంటే సరిపోయుండు గదా."

"అది తెలుగు మాట కాదు కదా మేస్త్రీ" అన్నాడు అయ్యవారు.

కార్ల పని చేసేవాళ్ళకు ఎర్తు అంటే మన్ను కాదు. బ్యాటరీ ఒక కొసను కారు ఇనుప ఒంటికే కట్టి ఉంటారు. దీపానికైనా, హారనుకైనా ఒక తీగ బ్యాటరీ నుంచి వస్తే, రెండో తీగను దగ్గరలో ఏ ఇనుముకైనా తగిలిస్తే చాలు. దాన్నే ఎర్తు అంటారు. ముప్పై ఏళ్ళుగా రోజుకు పదిసార్లు ఆయన నోట ఆ మాట వచ్చేది. భూమి అనేసరికి అది వేరే సంగతి అనుకున్నాడు. రేడియో పెట్టిన ముందు పలక కొయ్యది కావడంతో ఇనుము ఎక్కడా తగల్లేదు.

గూటం నుంచి తీగ విప్పి, పలక కింద ఇనుప కమ్మీకి చుట్టి మీట తిప్పాడు. కొంత తడవే పట్టింది, నాలుగు గుటకలు మింగేటంత. లోపల ఎర్రగా వెలుగు వచ్చి, గుయ్యిమని, ఎవరో మగమనిషి గొంతు. అందరూ కారు చుట్టూ మూగారు. మా మామ అయ్యవారి భుజం తట్టాడు. మేస్త్రీ మాత్రం చేతిలోని బోల్టులను చూస్తూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రం వార్తలు వచ్చాయి. పేర్లు రాలేదు.

మరుసటి రోజు నంద్యాల బస్సు వచ్చింది. కండక్టరు దిగి మేస్త్రీని చూసి, ఈడుండావా నువ్వు అన్నాడు. పోయిన వారమంతా సేటు ఇంటి ముందర వీధి పట్టనంత జనమట. రేడియోలో రోజూ పేర్లు చదివారట. మన జిల్లా పేర్లు కూడా వచ్చాయట. ఆళ్లగడ్డ వైపు ఓబులేసు అని ఒక పేరు వచ్చిందని, తండ్రి పేరు చెప్పేటప్పుడు గరగరమని వినపడలేదని కండక్టరు చెప్పాడు. ఇవి బతికి చెరలో ఉన్నవాళ్ళ పేర్లని కొందరు, కాదు చచ్చినవాళ్ళవని కొందరు అన్నారట. చదవడం మొన్నటితో అయిపోయిందట.

మేస్త్రీ ఆ బస్సులోనే నంద్యాలకు పోయాడు. సేటును అడిగాడు. ఓబులేసు అన్నట్టే ఉంది, ఓబయ్య అన్నాడేమో కూడా అని సేటు అన్నాడట. వీధిలో నిలబడి విన్నవాళ్ళను ఒక్కొక్కరి ఇంటికి పోయి అడిగాడు. ఒక్కొక్కరు ఒక్కొక్క రకంగా చెప్పారు. తన కొట్టంలోనే ఉండి ఉంటే ఆ వీధి ఆయనకు నాలుగు అడుగులు.

తర్వాత రెండేళ్ళు వారానికొకసారి మా ఇంటికి వచ్చాడు. కారు తిరగదు కాబట్టి రేడియో బ్యాటరీని తినేసేది. నంద్యాల నూనె మిల్లులో కరెంటు ఎక్కించుకున్న బ్యాటరీని ఒడిలో పెట్టుకుని బస్సులో వచ్చేవాడు. పంచె మీద దాని నీళ్ళు ఒలికి చిల్లులు పడేవి. ఇంజను తిరుగుతున్నప్పుడు గరగర తప్ప ఏమీ వినపడదు. కాబట్టి ఆగిన కారులో, ముందు సీటులో, తలుపు మూసుకుని కూర్చునేవాడు. వార్తలు అయిపోయాక పాటలు వస్తే మీట తిప్పేసి దిగేవాడు. నేను మజ్జిగ ఇస్తే, "ఈ వారం ల్యా పాపా" అనేవాడు. ఆ ఒక్క మాటే. అయ్యవారి మీద కోపం చూపించలేదు. ఆయన సైకిలు చైను తెగితే కూర్చుని వేసిచ్చాడు.

యుద్ధం అయిపోయింది. కొందరు తిరిగి వచ్చారు. ఒకరోజు మేస్త్రీ రుద్రవరం నుంచి వస్తూ మా ఇంట్లో దిగాడు. కాళ్ళకు మోకాళ్ళ దాకా దుమ్ము. రుద్రవరంలో ఒక ఓబులేసు యుద్ధం నుంచి వచ్చాడని విని పోయాడట. తన కొడుకు కాదని బయలుదేరే ముందే తెలుసు. ఆ పిల్లోనికి తల్లి తండ్రి ఇద్దరూ ఉన్నారు.

"మంచి పిల్లోడు పాపా. ఒక కాలు సరిగా ల్యా. ఊరికే చూడనీకి వచ్చినా అంటే బాగుండదని, వాళ్ళింట్లో గోడ గడియారం నిలిచిపోయింటే విప్పి నడిపించి వచ్చినా."

నేను మజ్జిగ చేతికిచ్చాను. తాగలేదు.

"ఆ పొద్దు రేడియోలో మావాని పేరే వచ్చిందంట అని వాళ్ళ నాయన చెప్పినాడు. అది వాళ్ళోడైతే మావాడు కాదు. మావాడైతే వాళ్ళోడు కాదు. పేరు ఒగటే గదా."

నీ కొడుకును చూశావా అని ఆ పిల్లోణ్ణి అడిగావా అన్నాను. అడిగాడట. మా పటాలంలో ఐదుమంది ఓబులేసులు ఉండిరి, ఎవరు అని ఆ పిల్లోడు అన్నాడట. తన కొడుకుకు గుర్తుగా ఏం చెప్పాలో ఈయనకు తోచలేదట. చివరికి, "బోల్టులు నోట్లో వేసుకుంటాడు" అని చెప్పాడట. ఆ పిల్లోడు చాలాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపాడట.

ఆ తర్వాత రావడం తగ్గింది. మా మామ కారు అమ్మడానికి బనగానపల్లె మనిషితో మాట్లాడుకున్నాడు. కొనేవానికి రేడియో వద్దు. విప్పడానికి మేస్త్రీని పిలిపించాడు. ఊడదీసినోడే బిగియ్యాల అనే మనిషి. ఇప్పుడు బిగించినదాన్ని ఊడదీయడానికి వచ్చాడు. మనిషి సగం అయ్యాడు. బోల్టులు పట్టే బుగ్గలు లోపలికి పోయాయి. నేను తీగ కొస పట్టుకుని కారు పక్కన నిలబడ్డాను. చుట్టుపక్కల ఎవరూ లేరు. అన్నేళ్ళుగా నా గొంతులో ఉన్న మాటను అప్పుడు చెప్పాను.

"మేస్త్రీ, అయ్యవారు కాగితం రాసే పొద్దు నేను ఆడనే ఉన్న్యా. ఎర్తు అని చదివి, భూమి అని రాసినాడు. రెండు మాటలూ ఇన్యా. అంతకు ముందే నువ్వు దీపం బాగుచేస్తా ఎర్తు పోయింది అంటావుంటే అది కూడా ఇన్యా. నీతో చెప్పలేదు."

బోల్టులు ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. అన్నీ వచ్చేదాకా నేను తల ఎత్తలేదు.

"నువ్వు చెప్పింటే మాత్రం నేను ఇనేవాన్నా పాపా" అన్నాడు. "కాగితం చెప్పినాక ఆడపిల్ల మాట ఎవరింటారు."

నన్ను ఓదార్చడానికి అన్నాడనుకున్నాను. కానీ ఆయన మొహంలో ఓదార్పు లేదు. ఉన్న సంగతి చెప్పాడు. రేడియోను గోనెసంచిలో చుట్టి మా మామకు అప్పజెప్పాడు. పోతూ పోతూ గూటం దగ్గర ఆగి, దాన్ని పెరకాలని చూశాడు. అన్ని రోజులు నీళ్ళు తాగిన మట్టి ఎండి బిగుసుకుపోయింది. రెండు చేతులతో పట్టి ఊపాడు. రాలేదు. చేతులు దులుపుకుని బస్సుకు నడిచిపోయాడు.

ఆయన పోయాడని నాకు మరుసటి ఎండాకాలంలో కండక్టరే చెప్పాడు. శవాన్ని లేపడానికి కుండ పట్టేవాడు కావాలి కదా. అన్న కొడుకు ముందుకొస్తే, మేస్త్రీ భార్య అడ్డం పడిందట. అన్నేళ్ళు మొగునితో మాట్లాడని మనిషి శవం ముందర నోరు తెరిచి, కొడుకు ఉండంగా వేరేవాడు కుండ పట్టేదేంది, రానీండి అందట. వేరేవాడు పడితే కొడుకు చచ్చినట్టే కదా. పొద్దు వాలేదాకా అందరూ కూర్చున్నారట. ఆ తర్వాత ఎవరు పట్టారో తెలియదు, నా బస్సుకు వేళయింది వచ్చేసినా అన్నాడు కండక్టరు.

అయ్యవారు రాసిన కాగితం కారు సీటు కింద దొరికితే నేను తీసి పెట్టుకున్నాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. కూడబలుక్కుని చదవడం వచ్చిన వారంలోనే పెట్టె తెరిచి ఆ కాగితం తీశాను. మూడుసార్లు విన్నదే, ఏముందో తెలిసిందే. అయినా మా మామ ఆ రోజు అడిగిన దానికి జవాబు అందులో ఉందేమో, అయ్యవారు చదవకుండా వదిలేశాడేమో అని వేలు పెట్టి కింది దాకా చదివాను. పిమ్మట కొంత తడవు వేచియుండవలెను అని ఉంది. ఎంత తడవో లేదు. దాని కింద కాగితం ఖాళీగా ఉంది.